అట్టమీఁది పేర్లు: పత్రికాయాజమాన్యము, సంపాదకత్వము, పఠనీయత



పాతపత్రికలను సంపుటములుగా కట్టించునపుడు అట్టలను, ప్రకటనల పుటలను తీసి పాఱవేయుట గ్రంథాలయములలో చిరకాలముగా సాగుచున్న అలవాటు. ఎవరి స్మృత్యర్థమై నేఁడిచ్చట సమావేశమైతిమో, ఆ గ్రంథపాలకులు మాత్రము బైండరు ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, ఒక్క అట్టయైనను పోనీయక కుట్టించెడివారు. పత్రికాపరిశోధనలో నా తొలిపాఠము ఆ సంపుటములయందే జరిగినది.

లోపలి వ్యాసములను, కథలను మాత్రమే చదివి వ్రాసిన పత్రికాచరిత్ర సగము చరిత్ర. ధనమెవరిది, నిర్ణయమెవరిది, చదువరి యెవరు అను మూఁడు ప్రశ్నలకును సమాధానము లొక్కచోట చేరినఁగాని పత్రిక స్వరూపము తెలియదు. ముద్రాపకుని పేరు, ప్రకాశకుని పేరు అచ్చువేయవలెనని 1867 నాఁటి చట్టము విధించినది. ఏటేట ఫిబ్రవరి గడచిన పిమ్మట వెలువడు తొలిసంచికలో యాజమాన్యవివరణము ప్రకటింపవలెనని 1956 నాఁటి నిబంధనలు శాసించినవి. సామాన్యపాఠకుని చూపు నిలువని ఆ చిన్నయక్షరముల పట్టిక పరిశోధకునకు పెన్నిధి.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో 1893లో ఆరంభించిన అమృతాంజనపు వ్యాపారము వలన లభించిన ధనముతో, 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించి, 1924 జనవరిలో భారతి మాసపత్రికను స్థాపించిరి. తలనొప్పికి కొన్న అంజనపు వెలలో నొకపాలు భారతిలోని శాసనవ్యాసమునకు కాగితమైనది. వైద్యులు కె. ఎన్. కేసరిగారు స్త్రీల ఔషధమగు లోధ్రపు రాబడి అండగా 1928లో గృహలక్ష్మిని స్థాపించిరి. ప్రకటనల పుటలు చింపివేసిన సంపుటములో ఈ పోషణకథ కానరాదు. ధనమెక్కడిదన్న ప్రశ్న మొదటిదే కాని, ఆ ధనము సంపాదకుని కలమునకు ఎంత చోటు విడిచినదన్న ప్రశ్న అంతకంటె గురుతరమైనది. 1902లో మచిలీపట్టణమునఁ బుట్టిన కృష్ణాపత్రికకు 1907 మొదలు 1945లో కన్నుమూయువఱకు ముట్నూరి కృష్ణారావుగారే సంపాదకులు. అంత దీర్ఘకాల మొక్కచేతిలో నున్నందున ఆ పత్రిక కొక కంఠస్వర మేర్పడినది. పాఠకుఁడు వార్తకొఱకే కాక ఆ స్వరము కొఱకును ఎదురుచూచెడివాఁడు.

అయితే అచ్చైన పేరే సర్వమును చెప్పదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు ఆరంభించిన చందమామలో సంపాదకుఁడని చిరకాలము అచ్చైన పేరు చక్రపాణిగారిది. 1952 నుండి 1980లో మరణించువఱకు ఆ కథల భాషను తీర్చిదిద్దిన హస్తము కొడవటిగంటి కుటుంబరావుగారిది. అట్టను చూడనివాఁడు సగము పోఁగొట్టుకొనును. అట్టతోనే ఆగినవాఁడును అంతే.

ఇఁక పఠనీయత. వాక్యముల నిడివిని, మాటల పరిమాణమును లెక్కించి దానిని నిర్ణయించుట యొక పద్ధతి. మన భాషకు అది చాలదు. చెవికి అలవడిన దీర్ఘసమాసము సుగమము. అలవడని రెండక్షరముల మాట దుర్గమము. చందమామ బాలురకు నోటిమాట నడకలో కథ చెప్పినది. భారతి ఛందోవిచారమును, శాసనవిమర్శను కథానిక ప్రక్కననే నిలిపి, కథకొఱకు వచ్చిన చదువరిని మెల్లగా శాసనము కడకు నడిపించినది. రెండును పఠనీయములే, ఏలయన రెండింటియందును సంపాదకుఁడు తన పాఠకు నెఱిఁగినవాఁడు. పాఠకునియెడ గౌరవమే పఠనీయతకు మూలమని నా నిశ్చయము. యజమాని సంపాదకుని నమ్మినచోటనే, సంపాదకుఁడు పాఠకుని నమ్మఁగలిగెను.

కావున పరిశోధకమిత్రులకు నా విన్నపము: వ్యాసము చదివిన పిమ్మట దాని యెదుటి ప్రకటనను చదువుఁడు, చందా వెలను నాఁటి బియ్యపు ధరతో పోల్చుఁడు, పాఠకుల లేఖలను వరుసగా నకలు వ్రాసికొనుఁడు, పాతయుద్యోగుల నడిగి అచ్చుకాని పేర్లను తెలిసికొనుఁడు. గ్రంథపాలకమిత్రులకు మఱియొక విన్నపము: రేపు బైండరు కత్తెర తీసినపుడు, ఆ పెద్దలవలె ప్రక్కన పీట వేసికొని కూర్చుండుఁడు.