చేపల తొట్టిలో మట్టి గుడిసె



ఈ రోజు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. వినండి.

మా బడిలో ఒక గాజు తొట్టి ఉంది. అందులో ఆరు చేపలు పెంచాం. వాటి కోసం పిల్లలూ నేనూ బంకమట్టితో గుడిసె చేశాం. రెండు రోజులు ఎండబెట్టాం. తలుపులకు వేసే రంగు పూశాం. తొట్టిలో పెట్టాం. తెల్లారేసరికి గుడిసె అడుగు కరిగి కూలింది. నీళ్లు బురదయ్యాయి. నాలుగు చేపలు చచ్చి తేలాయి. పిల్లలు ఏడ్చారు.

మన కేంద్రానికి వచ్చే కుండల పెద్దమ్మకు ఈ సంగతి చెప్పాను.

"పచ్చి కుండలో నీళ్లు పోస్తామా తల్లీ? ఎండితే చాలదు, కాలాలి" అంది.

నాకు అక్షరాలు వచ్చు. మట్టి సంగతి ఆమెకు వచ్చు. ఇద్దరం కలిసి మళ్లీ చేశాం. ఇలా చేశాం.

మట్టిలో రాళ్లు, సున్నపు గుల్లలు ఏరేశాం. గుల్ల ఉంటే కాల్చాక తేమకు ఉబ్బుతుంది. బొమ్మ పెచ్చులూడుతుంది.

గుడిసెను లోపల డొల్లగా చేశాం. రెండు వైపులా దారి పెట్టాం. చేప ఇరుక్కోకుండా తిరిగి రావాలి కదా! గరుకు అంచు తగిలితే చేప రెక్క చీలుతుంది. అందుకే అంచులు తడిగుడ్డతో నున్నగా చేశాం.

వారం రోజులు నీడలో ఆరబెట్టాం. తడి ఉంటే కాల్చేటప్పుడు పగులుతుంది.

కుండలతో పాటు ఆవంలో కాల్చాం. వంటపొయ్యి సెగను నమ్మకూడదు. వేడి సుమారు 600 డిగ్రీలు దాటాలి. అప్పుడు మట్టి మళ్లీ బురద కాదు. బాగా కాలితే, వేలితో కొట్టినప్పుడు ఖంగుమంటుంది.

రంగు వెయ్యలేదు. వార్నిషూ వెయ్యలేదు. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. కొన్ని మెరుపు పూతల్లో రాగి ఉంటుంది. చేప మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది. రాగి ఆ మొప్పలను పాడుచేస్తుంది.

చివరికి బకెట్ నీళ్లలో వారం నానబెట్టాం. రోజూ నీళ్లు మార్చాం. నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా ఆ బొమ్మ పనికిరాదు. సబ్బుతో మాత్రం కడగొద్దు. కాల్చిన మట్టి సబ్బును పీల్చుకుంటుంది.

ఇప్పుడు మిగిలిన రెండు చేపలూ ఆ గుడిసెలో దూరి ఆడుకుంటున్నాయి.

ఇంకొక్క మాట. ఆ రంగు డబ్బా మీద చిన్న అక్షరాలతో హెచ్చరిక ఉంది. చదువు చెప్పే నేనే దాన్ని చదవలేదు. మీరు నాలా చెయ్యొద్దు. పురుగుమందు డబ్బా అయినా, పిల్లల మందు సీసా అయినా, కూడబలుక్కుని చదవండి. తెలియకపోతే అడగండి.

రేపు వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందు సీసా ఒకటి తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.