స్థూలకాయము: తిండి దోషమా, దేహ దోషమా?

తెనాలిలో రేపల్లె బండి యెక్కి కిటికీలోనుండి చూచినచో ఇరుప్రక్కల వరిచేలే కానవచ్చును. బాపట్ల పేరైతే వరి వంగడమునకే అంటుకొన్నది. అచటి పరిశోధన కేంద్రమున రూపొంది 1986లో విడుదలయైన సాంబ మసూరికి బి.పి.టి. 5204 అని పేరు. ఆ సన్నన్నము రెండు పూటల తినుచు, లావైన వారిని చూచి మనము సులభముగ ఒక మాట అందుము: తిండిపోతు, లేదా సోమరి. కాన్పు తరువాత ఒళ్లు వచ్చిన కోడలిని ఆ మాట యెంత నొప్పించునో మన మెరుగని సంగతి కాదు.

ఆ మాటకు ఎదురు సాక్ష్యము హైదరాబాదులో దొరికినది. సాక్షి ఒక ఎలుక.

1918లో కూనూరున మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ, నేటి జాతీయ పోషకాహార సంస్థ, 1920 నుండి ఒక జాతి తెల్ల ఎలుకలను తరతరాలుగా పెంచుచున్నది. 1996లో వానిలో కొన్ని వింతగా బలియుట కనిపించినది. ఇవి పెరిగి కిలోగ్రామునకు మించి తూగును. ఆకలికి అంతులేదు. రక్తమున ఇన్సులినును, కొవ్వును మితిమీరి యుండును, సంతానము కలుగదు. మధ్యరకపు జంటకు పుట్టిన పిల్లలలో ఇంచుమించు పాతిక వంతు సన్నములు, సగము మధ్యరకము, పాతిక వంతు స్థూలములు. తల్లి ఒకతె, దాణా ఒకటే.

మన కొవ్వుకణములు లెప్టిన్ అను హార్మోనును స్రవించును. 1994లో అమెరికాలో దానిని కనుగొన్నారు. నిలువ చాలునని మెదడుకు కబురు చేయుట దాని పని. ఈ ఎలుకలలో లెప్టిన్ కొరత లేదు; సమృద్ధిగా ఉన్నది. మెదడు ఆ కబురును ఆలకింపదు. కడుపు నిండినను ఆకలి తీరదు.

ఎలుకను చూపి మనుష్యులందరిని నిర్దోషులనుట న్యాయము కాదు. ఒక్క జన్యులోపముచే లావగువారు అరుదు. అధిక సంఖ్యాకులలో అనేక జన్యువులును, తిండియు, తగ్గిన కాయకష్టమును కలిసి పనిచేయును. థైరాయిడ్ మాంద్యము బరువు పెంచును గాని, సాధారణముగా కొద్దిగనే; లావునకంతకు దానినే కారణముగ చెప్పుకొనుట మన వాడుక. ఋతుక్రమము తప్పి, ముఖమున రోమములు మొలచుచున్న ఆడపిల్లల సంగతి వేరు. అండాశయములు పురుష హార్మోనును అధికముగ చేయుటయే దీనికి తరచు కారణము; పెరిగిన ఇన్సులిన్ దానిని ఎగదోయును. అట్టి పిల్లను వైద్యునికి చూపవలెను. బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినను ఋతుక్రమము కుదుటపడుట కలదు.

ఇక సన్నగ నున్నవారు సంతోషింప తొందరపడరాదు. మనవారిలో చేతులు కాళ్లు సన్నముగ నుండి, కడుపులో కొవ్వు పేరుకొనుట మిక్కుటము. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు చేరిన జాగ్రత్తపడవలెను. దర్జీ టేపుతో, ప్రక్కటెముకల అంచునకును తుంటి ఎముకకును నడుమ, ఊపిరి వదలి కొలువవలెను. పంచె కట్టుచోట కొలిచి మురియుట పెద్దలకు అలవాటు.

బాపట్ల బియ్యమునకు ఒక తమ్ముడు కలడు. హైదరాబాదు శాస్త్రజ్ఞులు సాంబ మసూరికి ఆకుఎండు తెగులును తట్టుకొను శక్తి కూర్చి, 2008లో మెరుగైన రకమును విడుదల చేసిరి. దాని అన్నము రక్తమున చక్కెరను నెమ్మదిగ పెంచునని తరువాత తేలినది. ఆ సూచిక సుమారు 51. సూచిక తక్కువయని రెండు ముద్దలు అదనముగ తిన్నచో, ఆ లాభము విస్తరిలోనే చెల్లిపోవును.