చక్రాల కుర్చీకి దారి
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)

తలిదండ్రులారా, సంఘ సభ్యులారా,

పరీక్షా ఫలితములు మీ చేతికందిన నివేదికలో నున్నవి కనుక వానిని మరల చదువము. నేడు వేరొక విషయమును మీకు విన్నవింపదలచితిమి.

మన విద్యార్థి యొకడు గత వేసవిలో చెట్టుపైనుండి పడగా, వెన్నుపామునకు దెబ్బ తగిలి నడుము క్రిందిభాగము చచ్చుబడినదని మీరెఱుగుదురు. రానున్న జూన్ మాసమున అతడు చక్రాల కుర్చీలో తొమ్మిదవ తరగతికి రావలసియున్నది. ఈ యూరిలో తెలుగున చదువు చెప్పు బడి మఱియొకటి లేదు. "కుర్చీ వచ్చినది గదా, ఇక చింత యేమి?" అని కొందఱు పెద్దలు మమ్మడిగిరి. వారికి మా సమాధానమిది.

వెన్నుపాము వెన్నెముకలోపల సాగు నరముల త్రాడు. మెదడు ఆజ్ఞ కాళ్లకు చేరుటయు, కాళ్ల స్పర్శ మెదడునకు తెలియుటయు దీనివలననే. అది పూర్తిగా తెగినచో మరల అతుకు చికిత్స నేటికిని లేదు. ఒకేచోట చాలసేపు కూర్చున్నచో మనకు నొప్పి పుట్టును; ఎఱుగకయే కదలుదుము. స్పర్శ పోయినవారికి ఆ హెచ్చరిక అందదు గనుక పుండ్లు పడును. పూర్వము ఇట్టివారిలో పెక్కుమంది ఈ పుండ్లచేతను, మూత్రమార్గపు వ్యాధులచేతను మరణించుచుండిరి. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944లో ప్రత్యేక విభాగము నారంభించిన లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు శ్రద్ధతో కూడిన పరిచర్యచే ఈ స్థితిని మార్చెను. 1948లో అచట ఆయన నడపిన విలువిద్యా పోటీయే నేటి పారాలింపిక్ క్రీడలకు మూలము.

ఇక పరికరముల మాట. కుర్చీ పిల్లవాని కొలతకు సరిపోవలెను. మిక్కిలి వెడల్పైనచో శరీరము ఒక ప్రక్కకు ఒరుగును. ఇఱుకైనచో చర్మము ఒరసికొనును. ఎదుగు పిల్లలకు ఈ కొలతలను మాటిమాటికి సరిచూడవలెను. కుర్చీపై ఒత్తిడిని తగ్గించు మెత్త తప్పనిసరి. మెత్త యున్నను, అరగంటకొకసారియైనను చేతులు ఊని పైకి లేచుటయో, ముందునకు వంగుటయో చేయవలెను. మంచమునుండి కుర్చీలోనికి జరుగుటకు నున్నని చెక్కపలక యుపకరించును. మెడవద్ద గాయపడి వ్రేళ్లు పట్టుదప్పినవారికి అరచేతికి చుట్టు పట్టీలో చెంచానో కలమునో అమర్చియిత్తురు. పలువురు 4 నుండి 6 గంటలకొకసారి సన్నని గొట్టముతో తామే మూత్రాశయమును ఖాళీ చేసికొందురు. కావున కుర్చీ లోనికి పోగల శుభ్రమైన మరుగుదొడ్డి లేని బడిలో అట్టి పిల్లవాడు సాయంత్రమువరకు ఉండజాలడు.

మన రాష్ట్రమందలి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అను వైద్యురాలు ఉండెడివారు. 1954లో కారు ప్రమాదమున ఆమె నడుము క్రిందిభాగము చచ్చుబడెను. అయినను చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆమె కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. పిదప విదేశమున శిక్షణ పొంది వచ్చి, వేలూరున పునరావాస విభాగమునకు అధిపతియైరి. ఆమె నేర్పుతోపాటు, కుర్చీ చేరగల శస్త్రచికిత్సా గదియు నుండుటచేతనే అది సాధ్యమైనది.

కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకము క్రింద అర్హులైనవారికి చక్రాల కుర్చీ దొరకును. దారిని మాత్రము మనమే నిర్మింపవలెను. మన బడి ముందు మూడు మెట్లున్నవి. ఒక్కొక్కటి 6 అంగుళములు, వెరసి 18 అంగుళములు. అంగుళము ఎత్తునకు 12 అంగుళముల పొడవు చొప్పున 18 అడుగుల వాలుదారి కావలెను. దానిని కుదించినచో నిట్టనిలువై కుర్చీ వెనుకకు దొరలును. మరుగుదొడ్డి తలుపును 3 అడుగుల వెడల్పు చేయవలెను. గుర్తింపు పొందిన బడులు ఇట్టి వసతులు కల్పింపవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది.

బడి ముంగిట తెలుగు అక్షరములతో స్వాగత తోరణము కట్టుటకై మీరు సొమ్ము కూర్చియున్నారు. ఆ కోరిక మాకును కలదు. అయినను ఆ సొమ్మును ముందుగా వాలుదారికిని, మరుగుదొడ్డికిని వెచ్చింప ననుమతింపుడని వేడుచున్నాము. తోరణము మఱుసటి యేడు కట్టుకొనవచ్చును. తొమ్మిదవ తరగతి పిల్లవానికి ఒక యేడు పోయిన, అది తిరిగి రాదు.

మీ యిండ్లలోని పిల్లలకును ఒక మాట చెప్పుడు: ఆ కుర్చీ అతని కాళ్లతో సమానము, అడుగక దానిని త్రోయరాదు.

వేసవి సెలవులలోనే పని ముగియునట్లు తోడ్పడుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.