పసివారి విద్య - ప్రభుత్వ ప్రథమ కర్తవ్యము

విద్యాభివృద్ధి అనగానే మన దృష్టి సామాన్యముగా ఎత్తైనవాటి మీదికే పోవును. కొత్త విశ్వవిద్యాలయము, కొత్త వైద్య కళాశాల, పదవ తరగతిలో ఉత్తీర్ణులైనవారి శాతము - వీటిని గురించి పత్రికలు వ్రాయును, సభలలో చర్చలు జరుగును. మూడేండ్ల బిడ్డ పగలంతయు ఏమి చేయుచున్నదో, రెండవ తరగతి పిల్లవాడు ఒక చిన్న వాక్యమును తనంతట తాను చదువగలుగుచున్నాడో లేదో విచారించువారు అరుదు. గృహప్రవేశమునకు వచ్చిన చుట్టములు గోడల రంగును మెచ్చుకొందురు గాని, పునాదిలో ఎంత రాయి పడినదని అడుగరు. ఇంటి ఆయువు మాత్రము ఆ రాతి మీదనే ఆధారపడి ఉండును. ప్రభుత్వము విద్యకై వెచ్చించు ధనములోను, శ్రద్ధలోను మొదటి భాగము ఎవరికి చెందవలెనన్న విషయమును ఈ ప్రసంగములో కొంచెము విచారింతము.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ప్రాథమిక విద్యను నిర్బంధము చేయవలెనని 1911లో గోపాలకృష్ణ గోఖలే వైస్రాయి శాసన మండలిలో ఒక బిల్లును ప్రవేశపెట్టినారు. మరుసటి సంవత్సరము అది వీగిపోయినది. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 45వ అధికరణములో ఆ ఆశయమును తిరిగి నిలిపినది. 14 ఏండ్లు నిండువరకు బాలబాలికలందరకు ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలోపల కల్పించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని దాని భావము. ఇందులో ఒక విశేషమున్నది. వయస్సునకు పై హద్దు పెట్టినారు గాని కింది హద్దు పెట్టలేదు. నాలుగేండ్ల బిడ్డ కూడ ఆ వాక్యపు నీడలోనే ఉన్నది.

గడువు 1960లో తీరినది, పని తీరలేదు. 1993లో ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు, 14 ఏండ్లు నిండువరకు ఉచిత విద్య పొందుట ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము వైద్య, ఇంజనీరింగు కళాశాలల రుసుములను గూర్చి పుట్టినది. పెద్ద చదువుల తగవులో చిన్నవారి హక్కు వెలువడినదన్నమాట. కాని 2002లో రాజ్యాంగమునకు జరిగిన 86వ సవరణ ఆ హక్కును 6 నుండి 14 ఏండ్ల వారికి మాత్రమే స్థిరపరచినది. ఆరేండ్ల లోపు బిడ్డల సంరక్షణకు, విద్యకు రాజ్యము ప్రయత్నింపవలెనని మాత్రము 45వ అధికరణమును మార్చి వ్రాసినారు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 11వ సెక్షనులో, వీరికొరకు ప్రభుత్వము ఏర్పాట్లు చేయవచ్చునని చెప్పినది. "చేయవలెను" అనుటకును "చేయవచ్చును" అనుటకును గల అంతరము వ్యాకరణములో స్వల్పమే. పసిబిడ్డ బ్రతుకులో అది స్వల్పము కాదు.

ఎందువలన? మెదడు పెరుగుదలలో 85 శాతమునకు పైగా ఆరేండ్ల లోపలనే జరుగునని 2020 నాటి జాతీయ విద్యావిధానము పేర్కొన్నది. మాట, జ్ఞాపకము, ఇతరులతో కలిసి మెలగు నేర్పు, చేతివేళ్ల పట్టు - ఇవన్నియు ఆ వయస్సున రూపు దిద్దుకొనును. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవారు అందురు. మొక్కను వంచుట గురించి చెప్పు మనము, దానికి నీరు పోయుట గురించి కూడ తలపవలెను. ఆ నీరు పలక, బలపము కాదు. 1920లో భావనగరములో బాలమందిరము స్థాపించిన గిజుభాయి బధేకా ఆటపాటలకు, కథలకు, స్వేచ్ఛకు పసివారి విద్యలో ప్రథమ స్థానమిచ్చినారు. మూడేండ్ల బిడ్డచేత అక్షరములను పదేపదే వ్రాయించి, ఆంగ్ల పద్యములను వల్లెవేయించి, అదియే చదువని సంతోషించు తల్లిదండ్రులు ఈ విషయమును గమనింపవలెను.

పేదవారి బిడ్డలకు ఈ వయస్సున దిక్కు అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న 33 ప్రాంతములలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రమముగా దేశమంతటను వ్యాపించినది. అది ఆరు సేవలను తలపెట్టినది: పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్య బోధ, బడికి ముందటి విద్య. సామాన్యముగా ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు గర్భిణులను, బాలింతలను, పసివారిని కనిపెట్టుకొని ఈ భారమంతయు మోయవలెను. బరువులు తూచి, ఆహారము పంచి, లెక్కలు వ్రాసిన పిమ్మట కథ చెప్పుటకు ఆమెకు ఎంత ఓపిక మిగులును? ఆమెకు ముట్టునది జీతము కాదు, గౌరవ వేతనము. కేంద్రము నిర్ణయించిన మొత్తము 2018లో నెలకు 3,000 రూపాయల నుండి 4,500కు పెరిగినది. రాష్ట్రములు దానిపై తమ వంతు కలుపును. మానవ జీవితములోకెల్ల సున్నితమైన దశను ఎవరి చేతులలో పెట్టుచున్నామో, వారికి ఇంత తక్కువ విలువ కట్టుట న్యాయము కాదు.

ఇక ఒకటవ తరగతి సంగతి. విద్యాహక్కు చట్టము ప్రకారము 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు ఐదు, గురువులు ఇద్దరు. ఐదవ తరగతివారికి లెక్క చెప్పునపుడు, గుణింతము దగ్గర ఆగిపోయిన ఏడేండ్ల పిల్లవాడు మూల కూర్చుండి ఎదురు చూడవలెను. ఒత్తులు పట్టుబడని పిల్లవాడు పైతరగతికి పోవును. అక్కడ విజ్ఞానము, చరిత్ర అన్నియు పుస్తకమునుండి చదివియే గ్రహింపవలసి యుండును. చదువలేనివానికి పుస్తకము మూసిన తలుపు. వాడు మందబుద్ధి అని లోకము నిర్ణయించును. ఈ ప్రమాదమును గుర్తించియే 2020 విధానము, పునాది అక్షరజ్ఞానము, అంకెలజ్ఞానము 2025 నాటికి అందరకు కలుగవలెనని, అది లేనిదే తక్కిన సంస్కరణలు ఆ పిల్లలకు నిష్ఫలమని హెచ్చరించినది. 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమము ఆ గడువును 2026-27కు జరిపినది. 1960 నాటి గడువును తలచుకొన్నచో, గడువులు జరుగుట మన అలవాటని తోచును.

ధనము చాలదందురు. జాతీయాదాయములో 6 శాతము విద్యకు వెచ్చింపవలెనని కొఠారీ కమిషను 1966లో సూచించినది. 2017-18లో వెచ్చించినది సుమారు 4.43 శాతమని 2020 విధానమే ఒప్పుకొన్నది. ధనము పరిమితమైనచో, వరుసక్రమము మరింత ముఖ్యమగును. ఆ క్రమము ఇట్లుండుట యుక్తము. మొదట, ఆరేండ్ల లోపు బిడ్డ విద్యను హక్కుగా అంగీకరించి, ప్రతి అంగన్‌వాడీలో బోధనకే ఒక శిక్షితురాలిని నియమించుట. పిదప, ఒకటి, రెండు తరగతులకు వేరుగా, మాతృభాషలో బోధించు నేర్పరియైన గురువును ఇచ్చుట. ఆ తరువాతనే భవనములు, యంత్రములు, పై చదువుల వైభవము.

పసివారికి ఓటు లేదు, సంఘము లేదు, ఊరేగింపు లేదు. వారి తరఫున అడుగవలసినవారు మనమే. మీ గ్రామమునకో, పేటకో ప్రజాప్రతినిధి వచ్చినపుడు కొత్త భవనము సంగతి తప్పక అడుగుడు. దానికి ముందు, అంగన్‌వాడీలో నేడు కథ చెప్పినవారెవరో, రెండవ తరగతిలో ఎందరు పిల్లలు చదువగలుగుచున్నారో అడుగుడు. ఆ ప్రశ్న ఊరూర వినబడిననాడు, "చేయవచ్చును" అన్న మాట "చేయవలెను" అని మారక తప్పదు.