తల్లి కంచము – బిడ్డ తూకము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలలో పండితులు మాటలాడుట ఆచారము. నేను పండితురాలను కాను. ముప్పది సంవత్సరములు పల్లెలలోని ఆరోగ్య ఉపకేంద్రములలో నర్సుగా పనిచేసి విరమించితిని. చదివిన గ్రంథములకంటె వ్రాసిన రిజిస్టర్లే ఎక్కువ. అయినను కార్యదర్శిగారు “చదువును గురించియే నాలుగు మాటలు చెప్పుడు” అని కోరిరి. కనుక ఒక చిన్న కాగితమును చదువుటను గురించి చెప్పెదను. అది మీలో చాలమంది ఇండ్లలో అటకమీదనో, బియ్యపుడబ్బా వెనుకనో ఉన్నది. గర్భిణి పేరు నమోదైనప్పుడు చేతికిచ్చు మాతా శిశు సంరక్షణ కార్డు అది.

ఆ కార్డులో ఒక గీతల పటము కలదు. అడుగున బిడ్డ వయస్సు నెలలలో, ప్రక్కన తూకము కిలోలలో ఉండును. నెలనెల తూచి ఒక చుక్క పెట్టి, చుక్కలను కలుపుచు పోవలెను. ఇట్టి పటమును తల్లుల చేతికే ఇచ్చు పద్ధతిని లోకమునకు తెలిపినవారిలో ముఖ్యులు డేవిడ్ మోర్లీ అను ఆంగ్లేయ వైద్యులు. 1950ల చివర ఆయన నైజీరియా దేశమున ఒక పల్లెలో పిల్లలను తూచుచు దీనిని రూపొందించిరి. ఆ కార్డు ఆస్పత్రి బీరువాలో కాక తల్లియొద్దనే ఉండవలెనని ఆయన పట్టుదల. బీరువాలోని కాగితము తల్లితో ఏమి మాటలాడగలదు?

ఇప్పుడు నా తప్పిదమును ఒకదానిని చెప్పవలసియున్నది. చాల ఏండ్ల క్రిందటి మాట. ఒక ఊరిలో ఒక ఆడబిడ్డను నేనే నెలనెల తూచుచుంటిని. ఏడవ నెలలో ఆరు కిలోల మూడువందల గ్రాములు. ఎనిమిదవ నెలలో అదే తూకము. తొమ్మిదవ నెలలో ఆరు కిలోల రెండువందలు. మూడును తప్పు లేకుండ రిజిస్టరులో వ్రాసితిని. ఏడవ నెల చుక్క పటములోని ఆకుపచ్చ పట్టెలోనే యుండెను, కనుక సంతోషించితిని. ఎనిమిదవ నెల చుక్క ఆ పట్టె అంచున నిలిచెను, “పరవాలే”దనుకొంటిని. తొమ్మిదవ నెలది పసుపు పట్టెలోనికి జారెను, “వచ్చే నెల చూత”మనుకొంటిని. ఆ మూడు చుక్కలను కలిపి గీత గీచియుండినచో, అది పైకి పోవుట మానినదని ఎనిమిదవ నెలలోనే తెలిసియుండెడిది. వానలు పడినవి, బిడ్డకు విరేచనములు పట్టుకొన్నవి, వెనువెంటనే ఆయాసము వచ్చినది. పెద్దాస్పత్రికి తీసికొనిపోయిరి కాని దక్కలేదు. రోగము వచ్చినది వానాకాలమున. బలము పోయినది అంతకు రెండు నెలల ముందు, నా కన్నుల యెదుటనే.

తరువాత ఆ ఇంటికి పోయి అరుగుమీద కూర్చుండి విచారించితిని. ముందే చేయవలసిన పని అది! తల్లి తెల్లవారకముందే నాట్లకు పోవును. ఆరు నెలలు నిండినవి గనుక పాలు చాలవని, బిడ్డకు అవ్వ పప్పుకట్టు, పలుచని గంజి పట్టుచుండెను. ప్రేమలో లోపము లేదు. కాని బిడ్డ పొట్ట పిడికిలంత. దానిని నీటితో నింపినచో ఇక అన్నమునకు చోటెక్కడిది? మెత్తగా మెదిపిన అన్నము, చిక్కని పప్పు, ఒక చెంచా నూనెయో నెయ్యియో, ఉడికించిన గ్రుడ్డు, మెదిపిన ఆకుకూర, ఇవి దినమునకు మూడు నాలుగు మార్లు, తల్లిపాలు మానకుండ పెట్టవలెను. ఈ మాట చెప్పుటకు అర్ధగంట చాలును. తూకము వ్రాసి ఆ మాట చెప్పకపోయినచో త్రాసు మోసిన బరువు మాత్రమే మిగులును.

ఇంకొక సంగతి కూడ ఆ అరుగుమీదనే తెలిసినది. ఆ తల్లి కడుపుతో ఉన్నప్పుడు “ఎక్కువ తిన్నచో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగు”నని ఒక పూట తగ్గించిరట. మన పల్లెలలో ఈ భయము చాల పాతది. పెద్దలను నేను నిందించను. ఆస్పత్రి ఆమడ దూరముననున్న కాలమున కష్టపు కాన్పు చూచినవారికి ఆ భయము కలుగుట సహజము. కాని కడుపులో బిడ్డ బరువు ఎక్కువగా పెరుగునది చివరి మూడు నెలలలోనే. బిడ్డ తన మొదటి ఆరు నెలలకు కావలసిన ఇనుమును తల్లి రక్తమునుండి దాచుకొనునదియు అప్పుడే. తొమ్మిది నెలలలో తల్లి పదిమొదలు పండ్రెండు కిలోలు పెరుగుట మంచిది. బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టకూడదు. సీమంతమునాడు చలిమిడి ఒడిలో పెట్టి, హారతులిచ్చి పాటలు పాడుదుము. మరునాటినుండి ఆమె అందరును తినిన పిమ్మట గిన్నె అడుగున మిగిలినది తినును! కాన్పైన తరువాతనైన బాగుగా పెట్టుదుమా? పథ్యమని కారపుపొడి అన్నముతో సరిపెట్టి, పప్పును, ఆకుకూరను, చివరకు మంచినీటిని సైతము తగ్గించెదము. పాలిచ్చు తల్లికి గర్భిణికంటె ఎక్కువ ఆహారము కావలెను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఇనుపమాత్రలు ఉచితముగనే ఇచ్చుచున్నారు. నాలుగవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 దినములు, కాన్పు తరువాత మరి 180 దినములు వేసికొనవలెను. అవి దిండు క్రింద దొరకిన ఇండ్లను నేనెన్నియో చూచితిని. విరేచనము నల్లబడుటచే భయపడి మానుదురు. అది మాత్రలోని ఇనుము రంగు, భయము లేదు. వికారము కలిగినచో రాత్రి భోజనానంతరము వేసికొనవచ్చును. టీతో మాత్రము వద్దు, టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు. అన్నములో నిమ్మకాయ పిండుకొనినచో బాగుగా పట్టును.

ఇవి చెప్పుటకు గొప్ప వైద్యులే కావలెనా? మహారాష్ట్రలోని జామ్‌ఖేడులో 1970లో రజనీకాంత్ ఆరోళే, మాబెల్ ఆరోళే అను వైద్యదంపతులు పని ప్రారంభించిరి. ఆ ప్రాంతమును కరవు పీడించుచుండెను. జనులు వారిని ముందుగా అడిగినది మందులు కాదు, తిండియు నీరును. ఆ దంపతులు దానితోనే మొదలిడిరి. తరువాత ప్రతి ఊరినుండి ఒక స్త్రీని ఊరివారే ఎన్నుకొనగా, వారికి శిక్షణ నిచ్చిరి. వారిలో చాలమందికి అక్షరములు రావు, పలువురు వెనుకబడిన కులములవారు. అయినను బిడ్డలను తూచుట, గర్భిణులను కనిపెట్టుట, ఇంటింట మాటలాడుట వారే నేర్చిరి. అవ్వలు వారి మాట వినిరి. తెల్లచీర కట్టుకొని వచ్చిపోవు నా మాటకంటె, ప్రక్కింటి కోడలి మాటకు బలమెక్కువ.

ప్రభుత్వము వారును ఒక సంగతి గ్రహించిరి. ఇంటికి పంపిన సరకు ఇంటిల్లిపాదికి పంచబడును, తల్లికి చివరి వంతే. తెలంగాణమున 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకములో గర్భిణికి, బాలింతకు అన్నము, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలు అంగన్‌వాడీ కేంద్రముననే వడ్డించునట్లు ఏర్పరచిరి. కంచము ఆమె ముందు ఉండును, ఆమెయే తినును. అచ్చటికి పోవుటకు కోడలికి ఒక గంట తీరిక ఇయ్యవలసినది మాత్రము ఇంటివారే. పూట కూలి పోవునని వెనుకాడువారున్నారు, వారి కష్టము నేనెరుగుదును. కాని అత్తగారు కూడ వెంట వచ్చిన ఇండ్లలో ఈ చిక్కు తక్కువగా చూచితిని.

ఈ గ్రంథాలయములో ప్రతి సాయంకాలము వార్తాపత్రిక చదివి వినిపించు అలవాటు కలదని వింటిని. వినువారు మగవారే. నెలకొక సాయంకాలము ఆడవారికై ఉంచుడని కార్యవర్గమువారిని వేడుచున్నాను. చదువు వచ్చిన పిల్లలు తల్లుల కార్డులను చదివి చుక్కలు కలుపవలెను. గీత అడ్డముగా పోయిన ఇంటికి మరునాడే ఎవరైన పోవలెను.

త్రాసును నాతోకూడ తెచ్చితిని, బయట వరండాలో ఉన్నది. కార్డు తెచ్చినవారు రండు. తేనివారు ఇంటికి పోయి వెదకి తెండు. దీపములు పెట్టు వేళవరకు నేనిచ్చటనే ఉందును.