సేవకు వయఃపరిమితి లేదు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒకనికి మంచి కంఠమున్నను, చేతిలో పనితనమున్నను, చదువు సులభముగ అబ్బినను, "పెట్టిపుట్టినాడు" అని ఊరిపెద్దలు అందురు. చక్కని మాట. కాని పెట్టి పుట్టినవాడు పుట్టిన పిదప పెట్టకుండుట తగునా అను ప్రశ్నయు ఆ మాటలోనే కలదు. భగవంతుడు ప్రసాదించిన ప్రజ్ఞ పదిమందికి పంచుటకే గాని దాచుకొనుటకు గాదని అందరును ఒప్పుకొందురు. చిక్కంతయు కాలము దగ్గరనే వచ్చుచున్నది. బాలుడు "ఇంకను వయస్సు రాలేదు" అనును. గృహస్థు "తీరిక లేదు" అనును. వృద్ధుడు "వయస్సు మీరినది" అనును. ఈ మూడు మాటలతోనే నిండు జీవితము గడచిపోవుచున్నది.

ఈ మూడింటికిని మువ్వురి చరిత్రలు సమాధానము చెప్పగలవు.

లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సు దేశమున ఒక చిన్న గ్రామములో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి దుకాణములో ఆడుకొనుచుండగా తోలు గ్రుచ్చు పనిముట్టు కంటికి తగిలెను. ఆ బాధ రెండవ కంటికిని సోకి, చూపు పూర్తిగ పోయెను. పదేండ్ల వయస్సున పారిసులోని అంధబాలుర పాఠశాలలో చేరెను. అచట ఒక సైనికోద్యోగి కల్పించిన పన్నెండు చుక్కల లిపి అతని చేతికి వచ్చెను. అన్ని చుక్కలు ఒక్కమారుగ వ్రేలికొనకు అందవని గ్రహించి, 1824 నాటికి, పదునైదేండ్ల బాలుడుగ, ఆరు చుక్కలతో అక్షరములన్నియు కూర్చెను. అతడు 1852లో గతించెను. ఆ పాఠశాల ఆ లిపిని అంగీకరించినది రెండేండ్ల పిమ్మట. నేడు తెలుగు చదువు అంధులకును ఆ ఆరు చుక్కలే ఆధారము. తన చూపు పోగొట్టిన మొనవంటి మొనతోనే అతడు అంధలోకమునకు చదువు నిచ్చెను. వయస్సు వచ్చువరకు ఆగలేదు.

ఇక తీరిక మాట. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, గోదావరి లంకలలోని గన్నవరమునకు కోడలై వచ్చిరి. పెద్ద చదువులు చదువలేదు. ఇంటెడు చాకిరి ఎల్ల గృహిణులకు వలెనే ఆమెకును ఉండెను. ఆమెకు కలిగిన ప్రజ్ఞ వండుట, వడ్డించుట. గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారి ఏ వేళ తలుపు తట్టినను, కులమడుగక, విసుగు చూపక అన్నము పెట్టిరి. ఒకనాడు గాదు, ఒక యేడు గాదు. 1909లో కన్నుమూయువరకు అదే వ్రతము. వంటయిల్లు దాటని విద్య యని లోకము చులకనగ చూచుదానితోనే ఆమె దేశమున అన్నపూర్ణ యనిపించుకొనిరి.

మూడవవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీకాకుళము ప్రాంతమున పుట్టి, 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. చెంతనున్న కొండలలోని సవరలకు బడి లేదు, వారి భాషకు పుస్తకము లేదు. పంతులుగారు ఆ భాష నేర్చి, అందులో వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టించిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వయినావలన వినికిడి దెబ్బతినెను. పరభాష నేర్చువానికి చెవియే ముఖ్యసాధనము. అది పోయినను పని ఆగలేదు. 1911లో ఉద్యోగము విరమించిరి గాని సేవ విరమింపలేదు. సవర భాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియైదేండ్లు.

ఈ మువ్వురును పేరు పొందినది ధనముచేత గాదు. చేతనున్నదానిని ఉన్నప్పుడే ఇచ్చిరి.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును నిలిపినదియు అట్టి చేతులే. అయినను బీరువాలోని పుస్తకము చదువు రానివానికి మూగదే. దానికి నోరిచ్చుటకు పండితుడు అక్కరలేదు. ఐదవ తరగతి బాలిక చాలును. సాయంకాలము అరుగుమీద గంటసేపు పెద్దలకు చదివి వినిపించిన, అది ఆమె చేయగల సేవ. పాదరక్షలు కుట్టువాని సూది చినిగిన పుస్తకమునకు అట్ట కుట్టగలదు. వడ్రంగి ఉలి విరిగిన బల్లను నిలుపగలదు. వృద్ధుని నోట ఊరిచెరువు చరిత్ర, పాతపంటల పేర్లు, మరచిన పాటలు ఉన్నవి. వాటిని ఎవరైన వ్రాసి యుంచనిచో అవి అతనితోనే కాటికి పోవును. ఈ ఇరువదియైదేండ్లలో అట్లు పోయినవి ఎన్నియో! ఏ ధనముతోను వాటిని తిరిగి కొనుట సాధ్యముకాదు.

కావున రజతోత్సవ దినమున ఈ గ్రంథాలయము చందాతోపాటు ప్రతివారిని మరియొకటి అర్థించుచున్నది: వారమునకు ఒక గంట, చేతనైన ఒక విద్య. బాలుడు రేపటికి వాయిదా వేయక, వృద్ధుడు నిన్నటితో తీరినదనుకొనక వచ్చినచో, పెట్టిపుట్టినవారు ఈ ఊర ఎందరో స్వర్ణోత్సవము నాటికి లోకము చూడగలదు.