పోటీ గుఱ్ఱమునకు కండపుష్టి కలిగించు మేత

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పట్టాదారు రైతుల కొఱకైన ఉపన్యాసము)



గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మన పల్లెలలో సామెత కలదు. గుఱ్ఱమును పోషించుట ఎంత వ్యయముతో కూడిన పనియో ఈ సామెత తెలుపుచున్నది. అయితే దాణా కొఱతచే చెడిన గుఱ్ఱములకంటె, దాణా పెట్టు క్రమము తెలియక చెడిన గుఱ్ఱములే ఎక్కువ. చిక్కిన గుఱ్ఱమును నెలలోపల బలిపింపవలెనను ఆతురతతో రైతు గింజను ఇనుమడింపజేయును. ఒక్క రాత్రిలో శూల పుట్టి గుఱ్ఱము నేలబడి పొరలును. తెల్లవాఱునప్పటికి వేల రూపాయల సొత్తు పోవును. ఇట్టి నష్టము తప్పించుటకును, క్రమముగా కండ పట్టించుటకును వలయు విషయములు ఈ ఉపన్యాసమున చెప్పబడుచున్నవి.

ఈ ప్రాంతమునకును గుఱ్ఱములకును గల సంబంధము

హైదరాబాదు పందెములు మొదట మౌలాలీలో జరుగుచుండెడివి. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కాలమున, 1886లో, అవి మలక్‌పేటకు మాఱెను. సంస్థానపు అశ్విక దళమైన హైదరాబాదు లాన్సర్లు 1918లో పాలస్తీనా యుద్ధరంగమున పనిచేసిరి. ఆ దళములు పోయినను గుఱ్ఱములు పోలేదు. పందెములలో వేగము తగ్గిన గుఱ్ఱములు స్వారీ నేర్పు బడులకును, నగరపు పొలిమేరలలోని తోటలకును అమ్ముడుపోవుట కలదు. అవి అటుపిమ్మట అడ్డుగోడలు దాటు పోటీలకును, ఈటెతో మేకు పెఱకు పోటీలకును తయారగును. పందెములు విడిచివచ్చిన గుఱ్ఱము తఱచుగా చిక్కి, ప్రక్కటెముకలు కనబడుచు, మేతపై మనసు లేక యుండును. దానిని కొన్న రైతునకును, దానికి గడ్డి పండించి అమ్ము రైతునకును ఈ విషయము సమానముగా ఉపయోగపడును.

గుఱ్ఱపు కడుపు తీరు

ఎద్దు తిన్నది నెమరువేయును. గుఱ్ఱము నెమరువేయదు, వాంతియు చేసికొనలేదు. దాని జీర్ణకోశము శరీరమును బట్టి చూడగా మిగుల చిన్నది. 8 మొదలు 15 లీటర్ల వఱకే పట్టును. అందు ఆమ్లము రేయింబవళ్లు ఊరుచునే యుండును. గుఱ్ఱము రోజులో అధికభాగము కొంచెము కొంచెముగా గడ్డి మేయునట్లు సృష్టింపబడినది. గడ్డి నమలునపుడు పుట్టు లాలాజలము ఆ ఆమ్లమును అణచును. గడ్డి లేక గంటలకొలది కట్టివేయబడిన గుఱ్ఱమునకు కడుపులో పుండ్లు పుట్టును. పందెపు గుఱ్ఱములలో ఈ వ్యాధి అత్యధికము. ఇట్టి గుఱ్ఱము ఎంత దాణా పెట్టినను ఒంటికి పట్టనీయదు.

గడ్డిలోని పీచు జీర్ణమగుట వెనుకనున్న పెద్ద ప్రేవులలో సూక్ష్మజీవుల వలన జరుగును. గింజలలోని పిండిపదార్థము చిన్న ప్రేవులలోనే జీర్ణము కావలెను. ఒక్కసారి ఎక్కువ గింజ పెట్టినచో మిగిలిన పిండి పెద్ద ప్రేవులలోనికి జాఱి, పులిసి, మేలుచేయు సూక్ష్మజీవులను చంపును. అందుండి పుట్టిన విషము రక్తమున కలియును. దాని ఫలము శూల, లేక గిట్టల లోపలి పొరలు వాచి గుఱ్ఱము నిలువలేకపోవుట. రెండును ప్రాణాంతకములు. కావున గింజను పెంచుటకు ముందు గడ్డిని పెంచవలెను.

కొవ్వు వేఱు, కండ వేఱు

ఖర్చైనదానికంటె ఎక్కువ శక్తి మేతలో లభించినపుడు కొవ్వు చేరును. కండ అట్లు చేరదు. కండకు మాంసకృత్తులును, వానితోపాటు క్రమమైన శ్రమయు, విశ్రాంతియు వలయును. కట్టుకొయ్య వద్ద నిలిపి మేపిన గుఱ్ఱము పొట్ట పెంచునే గాని వీపు నింపదు. మెల్లని దౌడు, ఏటవాలు నేలపై నడక, నేలపై పఱచిన కొయ్యలు దాటించుట అను పనులు వీపును, తొడలను బలపఱచును. వారమునకు ఒకటి రెండు దినములు కఠినమైన పని మాన్పింపవలెను. ఆ దినములలో గింజను సగమునకు తగ్గింపవలెను. పని లేని దినమున నిండు దాణా తిన్న గుఱ్ఱమునకు మఱునాడు పనిలో తొడకండలు బిగిసి కొయ్యబాఱుట కలదు.

తూకము తెలిసికొను విధము

తక్కెడ లేని చోట కొలత టేపు చాలును. ముందుకాళ్ల వెనుక జీనుపట్టీ పడుచోట ఎదచుట్టు కొలతను, భుజపు మొన నుండి పిఱుదుటెముక మొన వఱకు పొడవును సెంటీమీటర్లలో తీయవలెను. చుట్టుకొలతను అదే అంకెతో హెచ్చించి, వచ్చినదానిని పొడవుతో హెచ్చించి, 11,877చే భాగింపవలెను. చుట్టుకొలత 178, పొడవు 165 ఐనచో తూకము సుమారు 440 కిలోలగును. పదునైదు దినముల కొకసారి, ఒకే వేళను, ఒకే మనిషిచే కొలిపించి వ్రాసికొనవలెను.

కంటితోను చేతితోను కూడ పరీక్షింపవలెను. 1983లో అమెరికాలో హెన్నెకి మొదలగువారు 1 మొదలు 9 వఱకు అంకెలతో ఒక కొలమానమును ప్రకటించిరి. మెడ, మూపు, భుజము వెనుక భాగము, ప్రక్కటెముకలు, నడుము, తోకమొదలు అను ఆఱు చోట్ల కొవ్వు చూచి అంకె వేయుదురు. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేయి పెట్టినంతనే తెలియుచున్నచో అది 5. పోటీ గుఱ్ఱమునకు అదియే తగిన స్థితి.

ఎంత మేత వలయును

గుఱ్ఱము దినమునకు తన తూకములో నూటికి 2 మొదలు 2.5 వంతుల ఎండుసారము గల మేత తినగలదు. అందు నూటికి 1.5 వంతులకు తగ్గకుండ గడ్డి యుండవలెను. 440 కిలోల గుఱ్ఱము మధ్యరకపు పని చేయుచున్నచో దినమునకు సుమారు 20.5 మెగాకేలరీల శక్తి ఖర్చగును. ఒక కిలో తూకము పెరుగుటకు సుమారు 20 మెగాకేలరీలు వలయును. మూడు నెలలలో 20 కిలోలు పెంపదలచినచో దినమునకు సుమారు 4.5 అధికముగా చేరి, మొత్తము 25 కావలెను. అట్టి గుఱ్ఱమునకు ఒకదినపు మేత ఈ క్రింది విధముగా నుండవచ్చును.

ఎండబెట్టిన గరిక లేక ఇతర మేలైన ఎండుగడ్డి: 6 కిలోలు.
పచ్చి లూసర్న్, నీడను వాడ్చినది: 8 కిలోలు.
ఓట్లు, నలిపినవి: 2 కిలోలు.
శనగలు లేక ఉలవలు, ఎండుగింజ తూకమున: 1 కిలో.
వంటనూనె: 200 మిల్లీలీటర్లు.
ఉప్పు: 30 మొదలు 50 గ్రాములు.

గింజను మూడు పూటలుగా పంచవలెను. అట్లు పంచినపుడు పూటకు పిండిపదార్థము, శరీరపు తూకమున కిలోకు ఒక గ్రాము మించదు. ఈ హద్దు దాటనీయరాదు. నూనెలో పిండి లేదు గనుక గింజ పెంచకుండ శక్తి పెంచుటకు అది మంచి ఉపాయము. మొదట 50 మిల్లీలీటర్లతో ఆరంభించి రెండు మూడు వారములలో నిండు కొలతకు తేవలెను.

ఉలవలను వట్టిగా పెట్టరాదు. గుగ్గిళ్లుగా ఉడికించి చల్లార్చి పెట్టుట మన పెద్దల ఆచారము. అది సరియైన ఆచారమే. పచ్చి గింజలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థము కలదు. అది ఉడికించుటచే నశించును. వండిన గుగ్గిళ్లు ఆ పూటకు ఆ పూటయే వాడవలెను. పులిసినవి పెట్టరాదు. వండినదంతయు గుఱ్ఱమునకు మేలని మాత్రము తలపరాదు. 13వ శతాబ్దమున చోళమండల తీరమును గూర్చి వ్రాసిన మార్కోపోలో, అచటివారు దూరదేశముల నుండి తెచ్చిన గుఱ్ఱములకు వండిన అన్నమును మాంసమును పెట్టుటచే అవి చచ్చుచున్నవని తెలిపెను.

శనగలు, ఉలవలు, లూసర్న్ చాలినంత యున్నచోట కండ పెంచు పొడులని అంగళ్లలో అమ్మువానికి ధనము వ్యయపఱచుట వ్యర్థము. ఈ గుఱ్ఱమునకు దినమునకు సుమారు 700 గ్రాముల మాంసకృత్తులు వలయును. పై మేతలో అంతకు మించియే లభించును. లూసర్న్ దొరకని నెలలలో మాత్రము సోయా పిండి 300 గ్రాములు చేర్చుట మంచిది. వేరుశనగ పిండిచెక్క బూజుపట్టునపుడు విషము పుట్టును గనుక దానిని వాడకుండుట మేలు.

తవుడు, నేపియర్ గడ్డి విషయమున హెచ్చరిక

తవుడు చౌక. అందు భాస్వరము మిక్కుటము, సున్నము స్వల్పము. నేపియర్, గినీ మొదలగు గడ్డులలోని ఆక్సలేటు, ఉన్న సున్నమును సహితము కట్టివేయును. ఈ రెండింటితోనే పెరిగిన గుఱ్ఱము తన ఎముకలలోని సున్నమును కరగించుకొనును. ముఖపుటెముకలు ఉబ్బును, కాళ్లు కుంటుపడును. సున్నము భాస్వరమునకు ఒకటిన్నర రెట్లు ఉండుట మేలు. లూసర్న్‌లో సున్నము సమృద్ధిగా కలదు గనుక అది ఈ లోపమును తీర్చును. వరిగడ్డి ఒక్కటియే పెట్టినచో ప్రేవులలో అడ్డుపడును. లేత జొన్నపైరులో విషము కలదు. పచ్చిజొన్న మేసిన గుఱ్ఱములకు మూత్రకోశము చెడి వెనుకకాళ్లు పడిపోవుటయు కలదు. కావున జొన్నపైరులోనికి గుఱ్ఱమును వదలరాదు.

లూసర్న్ సాగు

నీరు నిలువని చల్క నేల, బావి వసతి యున్న రైతు అర యెకరము లూసర్న్ వేయుట లాభకరము. అక్టోబరు, నవంబరు నెలలు విత్తుటకు అనువైనవి. ఎకరమునకు 8 మొదలు 10 కిలోల విత్తనము చాలును. విత్తిన రెండు నెలలకు మొదటి కోత, అటుపిమ్మట 25 మొదలు 30 దినముల కొక కోత వచ్చును. ఒకసారి వేసిన మడి మూడు నాలుగేండ్లు ఉండును.

కోళ్ల దాణా గుఱ్ఱమునకు విషము

ఇది ఈ ఉపన్యాసమున మిక్కిలి ముఖ్యమైన విషయము. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో కోళ్లఫారములు మెండు. కోళ్ల ప్రేవులకు వచ్చు కాక్సిడియా వ్యాధి రాకుండుటకు దాణాలో మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కలుపుదురు. కోళ్లు వీనిని సహించును. గుఱ్ఱమునకు మాత్రము శరీరపు కిలోకు 2, 3 మిల్లీగ్రాముల మోనెన్సిన్ చాలును, ప్రాణము పోవును. 440 కిలోల గుఱ్ఱమునకు అది ఒక గ్రాము మాత్రమే. ఈ విషము గుండె కండరమును చంపును. దీనికి విరుగుడు లేదు. బ్రదికిన గుఱ్ఱమునకును గుండె బలహీనపడి, పోటీలో కూలిపోవు ప్రమాదము నిలిచియుండును.

కావున కోళ్లదాణా మిగిలినదని గుఱ్ఱమునకు పోయరాదు. కోళ్లదాణా కలిపిన యంత్రముననే గుఱ్ఱపు దాణా ఆడింపరాదు. ఆ సంచులను, పారలను గుఱ్ఱపుశాలలోనికి తేరాదు. పశువుల మిశ్రమ దాణాలోను ఇట్టి మందులుండవచ్చును గనుక దానిని సహితము వాడరాదు. సైసుకు ఈ సంగతి స్పష్టముగా చెప్పి, దాణా గది వేఱుగా ఉంచి తాళము వేయవలెను.

నీరు, వేళలు, మార్పు

దినమునకు 30 మొదలు 40 లీటర్ల నీరు వలయును. వేసవిలో పనిచేయు గుఱ్ఱమునకు అంతకు ఇంచుమించు రెట్టింపు కావచ్చును. తొట్టి ఎల్లప్పుడు నిండియుండవలెను. పనికి ముందు కొంచెము గడ్డి, శక్యమైనచో లూసర్న్, పెట్టి తీసికొనిపోవలెను. అది కడుపులోని ఆమ్లము చిందకుండ కాపాడును. గింజను మాత్రము పని ముగిసి, ఊపిరి నెమ్మదించి, ఒడలు చల్లారిన పిమ్మటనే పెట్టవలెను. రాత్రికి ఎండుగడ్డిలో పెద్దభాగము ఉంచవలెను. ఏ క్రొత్త మేతనైనను పది, పదునాలుగు దినములలో కొంచెము కొంచెముగా చేర్చవలెను.

నెల గడచినను తూకము పెరుగనిచో

అప్పుడు గింజ పెంచుట తప్పు. కారణము వెదకవలెను. దంతముల అంచులు వాడిగా పెరిగి బుగ్గలను కోయుచుండవచ్చును. నమలిన గడ్డి ఉండలుగా నోటినుండి పడుట దీనికి గుఱుతు. ఏటేట దంతములను పరీక్షింపించి ఆకురాయి పట్టింపవలెను. పురుగులున్నవేమో పేడ పరీక్ష చేయింపవలెను. గింజ వదలి గడ్డి మాత్రము తినుచున్నచో కడుపుపుండును శంకింపవలెను. వీనికి పశువైద్యుడే దిక్కు. త్వరగా కండ పెంచునని చెప్పి ఇచ్చు హార్మోను సూదిమందులు పోటీలలో నిషిద్ధములు. వానిని వాడిన గుఱ్ఱము గెలిచినను గెలుపు నిలువదు.

గుఱ్ఱము నేలను కాలితో గీయుచు, ప్రక్కలవైపు చూచుచు, పొరలుచు, చెమర్చుచున్నచో అది శూల. వెంటనే మేత తీసివేసి వైద్యునికి కబురంపవలెను. నాటుమందు నోట పోయుట వలన అది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు.

ముఖ్యాంశములు

1. గడ్డి మొదట, గింజ తరువాత.
2. గింజ మూడు పూటలు. విశ్రాంతి దినమున సగము.
3. మూడు నెలలకు 20 కిలోల పెరుగుదల చాలును. అంతకు త్వరపడరాదు.
4. పదునైదు దినముల కొకసారి కొలత వ్రాసికొనవలెను.
5. కోళ్లదాణాను గుఱ్ఱపుశాల గడప దాటనీయరాదు.

ఈ అయిదింటిని ఒక కాగితముపై వ్రాసి దాణా గది తలుపునకు అంటించుట మంచిది. సైసు మాఱినపుడెల్ల క్రొత్తవానికి ముందుగా దానిని చదివి వినిపింపవలెను.